నలభై కిలోవాట్ల బాయిలర్

గ్యారెత్ హోల్డెన్ డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చీ రాగానే కుర్చీలో కూలబడ్డాడు. ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో పాతికేళ్ళుగా, ఇంటినీ నీళ్ళనీ వేడిచేసే గ్యాస్ బాయిలర్లు ఇంటింటికీ బిగిస్తున్న మనిషి.

“నేను మనిషిని చంపానంటున్నారు మేడమ్. శుక్రవారం విచారణ. లైసెన్సు పోతే ఇంకేం పని చేసుకు బతకను? నాకొచ్చింది ఇదొక్కటే.”

ప్రైవేట్ డిటెక్టివ్ హెస్టర్ గ్రీన్‌వుడ్ అతని ముందు టీ కప్పు పెట్టింది. ఎదుటివాడి దుఃఖం కాస్త తెరిపిన పడేదాకా ఆవిడ ప్రశ్న వెయ్యదు. ఆ ఓపిక తనకెప్పుడు అబ్బుతుందా అని ఆవిడ సహాయకుడు క్లైవ్ సగ్డెన్ ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

జరిగింది ఇది. స్టాన్లీ ఎక్లెస్‌కి ఎనభై ఒకటి. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. జనవరిలో ఒక సోమవారం, ఆయన పాత బాయిలర్ విషపు పొగ కక్కుతోందని గ్యారెత్ దాని గ్యాస్ ఆపేశాడు. అది నియమం. చలికి ఆసరాగా చక్రాలున్న బరువైన కరెంటు హీటరొకటి ఇచ్చి వచ్చాడు. శనివారం పక్కింటావిడ తలుపు తోసి చూస్తే, ముసలాయన వంటింటి కుర్చీలో ఓవర్‌కోటుతోనే చలికి బిగుసుకుపోయి, ప్రాణం లేకుండా ఉన్నాడు. హీటరు మేడ మీద, ఎవరూ వాడని గదిలో దొరికింది.

“వాళ్ళమ్మాయి లిండ్సే ఫిర్యాదు పెట్టింది. హీటర్ని మేడ మీద పారేసి పోయానట. ఒంటి మనిషికి నలభై కిలోవాట్ల పెద్ద బాయిలర్ అంటగట్టానట.”

“అంటగట్టావా?”

“ఇరవై నాలుగు కిలోవాట్లది నా వ్యాన్‌లోనే ఉంది మేడమ్! మర్నాడే బిగించేవాణ్ణి. ఆయనే వద్దన్నాడు. నలుగురొస్తున్నారు, పెద్దదే కావాలన్నాడు. దానికి పది రోజులు పడుతుందంటే ఆగుతానన్నాడు. ఆ నలుగురూ ఎవరో చెప్పలేదు. ఎవరూ రావడం లేదని ఆ అమ్మాయి అంటోంది.”

హెస్టర్ అతని కొలతల కాగితం అందుకుంది. “ఇల్లంతా వెచ్చబడటానికి ఎనిమిది కిలోవాట్లు చాలని నువ్వే రాశావు. మళ్ళీ నలభై ఎందుకు?”

“గదుల వేడికి ఏదైనా సరిపోతుంది. పేచీ వేణ్ణీళ్ళతోనే. ఈ రకానికి నీళ్ళ ట్యాంకు ఉండదు, కుళాయి తిప్పినప్పుడే కాచాలి. ఒక షవర్‌కి ఇరవై నాలుగు చాలు. రెండు ఒకేసారి తిప్పితే చాలదు. అందుకే ఒకేసారి ఎందరు స్నానం చేస్తారని అడిగాను. ఆయనకి తెలియలేదు. కనుక్కుని చెప్తానన్నాడు.”

ఆ గడి మాత్రం వేరే సిరాతో నింపి ఉంది. ‘పొద్దున ఏడుంపావుకి రెండు షవర్లు, ఒకేసారి. బుధవారం సాయంత్రం ఈత తర్వాత ఇంకొకటి.’

“మంగళవారం రాత్రి భోజనాల వేళకి ఫోన్ చేసి చెప్పాడు,” అన్నాడు గ్యారెత్.

ఆ మధ్యాహ్నమే హెస్టరూ క్లైవూ స్టాన్లీ ఇంటికి వెళ్ళారు. మెట్లెక్కుతూ హెస్టర్ వంగి చూసింది. ప్రతి మెట్టు అంచునా పెయింటు కొత్తగా గీరుకుపోయి ఉంది.

“ఇద్దరు మోసి ఉంటారా మేడమ్?” అన్నాడు క్లైవ్.

“ఎవరూ మోయలేదు. ఒక్కడే ఈడ్చాడు.”

మేడ మీద గదిలో గోడలకి కొత్తగా అంటించిన వాల్‌పేపర్, పచ్చ రంగు మీద చిన్న చిన్న నక్కలు. కింది అంచున వేలు పెడితే ఇంకా తడే. పోలీసులు కదపకుండా వదిలిన హీటరు ఆ గోడకేసి తిరిగి ఉంది. హెస్టర్ తలుపు దగ్గరగా వేసి కిందికి దిగింది.

లిండ్సే కాపురం బస్టాండ్ వెనక ఇరుకు అద్దెవాటాలో. గదిని వేడిచేసే రేడియేటర్ మీద పిల్ల ఈతబట్టలు ఆరుతున్నాయి.

“నాలుగేళ్ళయింది మాట్లాడి,” అందామె. “అమ్మ అంత్యక్రియల రోజు నాన్న నా మొగుణ్ణి నలుగురిలో చేతకానివాడన్నాడు. ఆ గడప మళ్ళీ తొక్కలేదు. నా పిల్లలకి ఫోన్లే లేవు, ఆయన నంబరు కూడా తెలీదు.”

“పాప ఈతకి ఎప్పట్నించి?”

“సెప్టెంబర్ నించి. బుధవారాలు. ఎందుకండీ?”

“ఊరికే. పొద్దున్నే పిల్లల్ని లేపి తయారుచెయ్యడం పెద్ద యుద్ధమే కదా?”

“ఆ యుద్ధం మా ఆయన క్రెయిగ్‌దే. నేను నాలుగున్నరకే బేకరీకి పోతాను. ఎవరెప్పుడు లేస్తారో నాకేం తెలుసు!”

పక్కనే పిల్లల బూట్లు తుడుస్తున్న క్రెయిగ్ తల ఎత్తలేదు.

గురువారం హెస్టర్ అందరినీ స్టాన్లీ ఇంటి ముందుగదికి పిలిపించింది. ఆ ఇంట్లో మాట్లాడితే నోటి వెంట ఆవిరి వస్తోంది.

“హీటర్ని మేడ మీదికి చేర్చింది గ్యారెత్ కాదు,” అంది హెస్టర్. “అతనైతే ఎత్తుకుపోతాడు, మెట్టు మెట్టుకీ గీతలు పడవు. మోయలేని మనిషి ఈడ్చుకెళ్ళాడు. పిల్లల గదికి కొత్త కాగితం అంటించాడు, తడి ఆరాలని ఉన్న ఒక్క వెచ్చదనం దాని ముందు పెట్టాడు. తను కింద కోటు కప్పుకున్నాడు.”

“ఏ పిల్లల గది?” అంది లిండ్సే.

“నీ పిల్లల గదేనమ్మా. ఆ నలుగురూ మీరే. పిలవాలనుకున్నాడు. రెండు షవర్లు, బుధవారం ఈత... నాలుగేళ్ళుగా మనవల్ని చూడని మనిషి ఇవన్నీ ఎవర్ని అడిగి తెలుసుకున్నాడు? నీకు పొద్దుటి సంగతులు తెలియవు. పిల్లలకి ఫోన్లు లేవు, తాత నంబరు తెలియదు. ఏడుంపావుకి మీ ఇంట్లో మెలకువగా ఉండే పెద్దవాడు ఒక్కడే.”

క్రెయిగ్ ముఖం పాలిపోయింది. కాదంటాడని క్లైవ్ అనుకున్నాడు.

“ఆయన ఫోన్ చేశాడు,” అన్నాడు క్రెయిగ్. “స్నానాలెప్పుడు చేస్తారు, ఎందరు చేస్తారు అని. చెప్పాను. లిండ్సేకి చెప్పు, అందరూ వచ్చి ఇక్కడే ఉండండి అన్నాడు. నాకు క్షమాపణ కూడా చెప్పాడు.”

“నాకెందుకు చెప్పలేదు?” లిండ్సే అతని వైపు తిరిగింది.

“చెప్తే ఆ నిమిషమే వెళ్ళిపోతావు. నేను మళ్ళీ ఆయన పంచన చేతకాని అల్లుణ్ణయిపోతాను. రెండ్రోజులు ఆగి చెప్దామనుకున్నాను.”

“బాయిలర్ ఆగిపోయిందని చెప్పాడా?” అంది లిండ్సే.

“చెప్పాడు. పది రోజులు పడుతుందన్నాడు. హీటరుంది, పర్లేదన్నాడు.”

“ఏ రోజు చేశాడు?”

“మంగళవారం.”

లిండ్సే పెదవులు కదుపుతూ రోజులు లెక్కపెట్టింది. బుధ, గురు, శుక్ర. బేకరీ నుంచి ఆ ఇంటికి బస్సులో పావుగంట.

క్రెయిగ్ మీద పెట్టడానికి చట్టంలో ఏ కేసూ లేదని హెస్టర్‌కి తెలుసు, క్లైవ్‌కీ తెలుసు. క్రెయిగ్ గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

లిండ్సే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ కాగితం మీద సంతకం పెట్టి గ్యారెత్‌కి ఇచ్చింది. గండం గడిచినవాడిలా లేడతను. దాన్ని మడవడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు.

“నువ్వు చూసిన రోజు ఎలా ఉన్నాడు నాన్న?” అని లిండ్సే అతన్ని అడిగింది. “చలికి వణుకుతున్నాడా?”

“లేదమ్మా, తెగ సంతోషంగా ఉన్నాడు,” అన్నాడు గ్యారెత్. “అందుకే చిన్నది పెట్టుకోమని గట్టిగా చెప్పలేకపోయాను.”