ముందు ఎవరి బ్యాటరీ

"చల్లారాక తీసుకురండి."

స్టోరు కిటికీలోంచి ఆ మాట వచ్చింది. మాట వెనకే అతనిచ్చిన బ్యాటరీ కూడా తిరిగొచ్చింది.

ఇళ్ళకి అల్మరాలు, వంటగది అరలు చేసి బిగించే వర్క్‌షాపు అది. అతను ఫిట్టరు. చేరి రెండో రోజు. ఎండలో నిలబెట్టిన వ్యానులోంచి డ్రిల్లు బ్యాటరీ ఊడదీసి తిన్నగా కిటికీలో పెట్టాడు.

"ఇదేమన్నా కాఫీనా అండీ, చల్లార్చుకోడానికి?"

"కాఫీ అయితే మీ నాలుకొక్కటే కాలుతుంది. దీన్ని వేడి మీద ఛార్జింగ్ పెడితే షెడ్డంతా కాలుతుంది. ఓ పావుగంట ఆ ఫ్యాను కింద పెట్టి తెండి."

"మరి పావుగంట నేనేం చెయ్యను?"

"మీరూ ఫ్యాను కిందే కూర్చోండి. మీరూ వేడి మీదే ఉన్నారు."

వెనక క్యూలో ఉన్నవాళ్ళు నవ్వారు. అతను వెళ్ళి బ్యాటరీ పక్కనే కూర్చున్నాడు. చచ్చినా ఆ కిటికీ వైపు చూడకూడదని పంతం పట్టాడు. పట్టి, పావుగంటలో పద్నాలుగు నిమిషాలు అటే చూశాడు.

కిటికీలోని ఆ అమ్మాయి మేస్త్రీ కూతురు. మేస్త్రీ అంటే వర్క్‌షాపు ఆయనదే. ఉలి పట్టి పైకొచ్చిన మనిషి కాబట్టి ఓనరుగారూ అంటే ఆయనకి ఒళ్ళు మండేది. కూతురు స్టోరు చూసేది. మేకు దగ్గర్నుంచి మిషను దాకా ఆ కిటికీ దాటే పోవాలి. చెవి మీద పెన్సిలు, మొహమ్మీద ఎవరికీ అప్పివ్వని నవ్వు.

ఫిట్టరుకి వారం తిరక్కుండానే పేరు పెట్టేశారు, రసమట్టం అని. గోడకి అల్మరా ఎక్కించే ముందు వంపు లేదని అందరూ రసమట్టం ఒకసారి పెట్టి చూస్తే అతను నాలుగుసార్లు చూస్తాడు. దాన్లో బుడగ ఒక వెంట్రుక వాసి పక్కకి జరిగినా అతనికి ముద్ద దిగదు. లోకంలో ఏదీ ఒంకరగా ఉండకూడదు, ఎవరికీ ఎక్కువ తక్కువలు ఉండకూడదు, అంతే. అలాంటివాళ్ళు మంచివాళ్ళే. కాకపోతే వాళ్ళకి ఎదురుగా ఉన్నది కనపడ్డానికి కాస్త టైము పడుతుంది.

ఇక ఛార్జరు సంగతి చెప్పాలి.

రంపపు పొట్టు ఉన్నచోట కరెంటు వదిలేసి ఇంటికి పోకూడదని మేస్త్రీ పట్టుదల. సాయంత్రం జట్లు తిరిగొచ్చిన కాసేపటికే మెయిన్ ఆపించేసేవాడు. కాబట్టి పొద్దున ఏడింటికి అమ్మాయి వచ్చి బ్యాటరీలు ఎక్కించాలి, తొమ్మిదింటికి జట్లు బయల్దేరాలి. జట్లు ఆరు, ఛార్జరులో స్లాట్లూ ఆరే. పైకి చూస్తే లెక్క సరిపోయింది. కాని ఆ ఛార్జరు ఆరింటినీ ఒక్కసారి చూసే రకం కాదు. ముందు పెట్టినదాన్ని నింపి, ఆ తర్వాతే రెండోదాని మొహం చూస్తుంది. ఒక్కోదానికి నలభై నిమిషాలు. అంటే రెండు గంటల్లో మూడే నిండుతాయి. మిగతా మూడు జట్లూ నిన్న మిగిలిన అరకొర ఛార్జింగుతో మొహాలు మాడ్చుకుని పోవలసిందే.

రసమట్టం బ్యాటరీ మాత్రం ఆరు నెలల్లో ఒక్కనాడైనా అరకొరగా లేదు.

తను బ్యాటరీని చల్లార్చి ఇస్తాడు కాబట్టి అది మన్నికగా ఉంటోందని అతని నమ్మకం. ఆ నమ్మకంతో మిగతావాళ్ళకి పాఠాలు కూడా చెప్పేవాడు. వాళ్ళు బుద్ధిగా తలూపి, అతను అటు తిరగ్గానే ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకునేవారు. రోజూ ఏడింటికి మొదటి స్లాట్‌లో ఎవరి బ్యాటరీ కూర్చుంటోందో షెడ్డులో చీపురు పట్టే ముసలమ్మకి కూడా తెలుసు. మేస్త్రీ కూతురి వ్యవహారం కనుక అందరూ నోటికి తాళం వేసుకున్నారు. తెలియనిది ఒక్క రసమట్టానికే.

ఇలా ఉండగా ఒక రోజు రంపం గొడవపడ్డాడు. రంపం అంటే ఇంకో జట్టు ఫిట్టరు, గొంతు అలాంటిది. ఎవరింట్లోనో అల్మరా తలుపు ఒక్క స్క్రూ మీద వేలాడుతుండగా డ్రిల్లు ఆగిపోయిందట. ఇంటావిడ గంటసేపు తలుపు పట్టుకుని నిలబడి, చేతులు పీకుతుంటే అతని మూడు తరాలనీ తలుచుకుందట. కొత్త ఛార్జరు వస్తేనే పనిలోకి వస్తానని రంపం తేల్చేశాడు.

మేస్త్రీ అంతా విని రసమట్టాన్ని పిలిచాడు. నీకు మిషన్ల సంగతి తెలుసు, పోయి మంచిది చూసి తీసుకురా అన్నాడు. నాలుగడుగులు వెయ్యనిచ్చి, "అమ్మాయిని కూడా తీసుకెళ్ళు. వాడేది అదే కదా," అన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ బయల్దేరారు. అమ్మాయి చెవి మీద పెన్సిలు లేదు. ఆ జాగాలో ఏదో చిన్న రాయి మెరుస్తోంది. రసమట్టానికి అది చూస్తే గుండె దడదడలాడింది. దడ ఛార్జరు కొనబోతున్నందుకే అనుకున్నాడు.

పనిముట్ల దుకాణంలో సేల్స్‌మన్ రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి పాతదాని చెల్లెలే: ఆరు స్లాట్లు, ఒకదాని తర్వాత ఒకటి. కాకపోతే కాస్త చురుకైనది. రెండోది చూడ్డానికే బరువుగా ఉంది: ఆరు స్లాట్లు, ఆరూ ఒకేసారి, గంటంబావులో అన్నీ నిండుతాయి. సేల్స్‌మన్ ఆరు బ్యాటరీలు టకటకా ఎక్కించి స్విచ్ వేశాడు. ఆరు పచ్చ దీపాలు ఒక్కసారిగా మిణుకుమిణుకుమన్నాయి.

రసమట్టం మొహంలో ఏడో దీపం వెలిగింది.

అమ్మాయి మొదటిదాని మీద చెయ్యేసి ఇదే బాగుందంది. అతను ఎందుకని అడిగాడు. రెండోది కరెంటు ఎక్కువ లాగుతుంది, మన వైరింగు పాతదంది. విడిగా లైను వేయిస్తానన్నాడు. స్టోరు గది వేడెక్కిపోతుందంది. ఫ్యాను పెడదామన్నాడు. బరువెక్కువంది. గోడకి తనే బిగిస్తానన్నాడు, రసమట్టం పెట్టి మరీ. ఆమె ఒకటంటే అతను రెండు చెప్పేవాడు, ప్రతిదానికీ హుషారుగా. సేల్స్‌మన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "సార్, మేడమ్ గారి మాట వినండి. ఇప్పుడు నెగ్గుతారు, ఇంటికెళ్ళాక ఓడిపోతారు," అన్నాడు.

ఇద్దరూ ఒక్కసారే తలలు తిప్పుకున్నారు. ఆమె గొళ్ళాల షెల్ఫు వైపు, అతను గొట్టాల షెల్ఫు వైపు.

కాసేపటికి ఆమె గొళ్ళాలతో మాట్లాడుతున్నట్టుగా అంది: "ఒకదాని తర్వాత ఒకటి ఎక్కితే తప్పేంటి? ఏది ముందు పెట్టాలో పెట్టేవాళ్ళకి తెలుసు."

"నేను చెప్పేదీ అదేనండి. పాపం ఎవరిదో రోజూ చివర పడుతోంది."

"ఎవరిదో రోజూ ముందు కూడా ఉంటోంది."

"అదీ తప్పే కదండీ. వాడెవడో హాయిగా తిరుగుతుంటాడు, మిగతావాళ్ళు చస్తుంటారు. వాడికి సిగ్గుండక్కర్లా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

"ఉండాలి," అంది. "పెద్దదే తీసుకోండి."

బయటికొచ్చేసరికి వాన. చిన్నాచితకా వాన కాదు, వీధంతా తనదే అన్నట్టు కురుస్తోంది. ఆమె గొడుగు విప్పింది. విప్పి, కాస్త పక్కకి జరిగి, ఇంకో మనిషికి సరిపడా చోటు వదిలింది. అతను ఆ చోటు చూశాడు, చేతిలో అట్టపెట్టె చూసుకున్నాడు, మొహం విప్పారింది.

"ఇది తడవకూడదండి," అని పెట్టెని గొడుగు కిందకి తోసి, తను వానలో నడిచాడు.

బస్టాపు దాకా ఛార్జరు పొడిగా ప్రయాణం చేసింది. బస్సు రాగానే ఆమె గొడుగుని పెట్టె మీద ఆనించి ఎక్కేసింది. అతను తడిసి ముద్దయి ఇంటికొస్తే వాళ్ళక్క తువ్వాలిచ్చి, గొడుగు చేతిలో పెట్టుకుని ఎలా తడిశావురా అని అడిగింది. జరిగింది చెప్పాడు. అక్క తువ్వాలు మళ్ళీ లాక్కుంది.

సోమవారం కొత్త లైను పడింది, ఛార్జరు గోడకెక్కింది. మంగళవారం ఎనిమిదింబావుకల్లా ఆరు బ్యాటరీలూ నిండాయి. రంపం పాట కూడా అందుకున్నాడు, అందరూ బతిమాలితే గాని ఆపలేదు. అందరూ రసమట్టం భుజం తట్టారు. కిటికీలోంచి మాత్రం ఒక్క మాట లేదు. బ్యాటరీ వేడిగా ఉందని కూడా అనడం లేదు. వరసలో అందరికీ ఇచ్చినట్టే ఇస్తోంది, అచ్చం సమానంగా.

సమానమంటే ఇంత చలిగా ఉంటుందని అతనికి తెలియదు.

శుక్రవారం సాయంత్రం మేస్త్రీ అందరినీ పిలిచి చెప్పాడు. ఊరికి ఆ చివర కొత్తగా తెరిచిన తమ షోరూముకి సోమవారం నుంచి అమ్మాయి వెళ్తుంది. ఇదివరకు రెండుసార్లు వెళ్ళమంటే, నేను లేకపోతే బ్యాటరీల వరస ఎవరు చూస్తారని మొండికేసింది. ఇప్పుడు వరసా లేదు, చూడక్కర్లేదు. ఎవరిది వాళ్ళు గుచ్చుకోవచ్చు. ఈసారి తనే అడిగిందట.

రసమట్టం స్క్రూల డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎక్కడో బుడగ పక్కకి జరిగింది, ఎక్కడో తెలియడం లేదు. ఎందుకు వెళ్తున్నారో అని పైకే అనేశాడు.

రంపం ఇక ఆగలేకపోయాడు. "ఒరేయ్, నువ్వే కదరా పంపించావు. ఆరు నెలలు రోజూ పొద్దున్నే నీ బ్యాటరీ మొదటి స్లాట్‌లో పెట్టింది. మా అందరి ఉసురూ పోసుకుని మరీ పెట్టింది. నువ్వు పోయి ఆ స్లాటే లేకుండా చేసొచ్చావు."

రసమట్టానికి దుకాణంలో తను అన్నది తట్టింది. సిగ్గుండక్కర్లా అన్నాడు. ఆమె మొహం మీదే అన్నాడు. ఆమె ఉండాలి అంది. ఆ తర్వాత గొడుగు. గొడుగు గుర్తొచ్చేసరికి స్క్రూల డబ్బా చేతిలోంచి జారి, స్క్రూలు షెడ్డంతా పరిగెత్తాయి. అతనూ పరిగెత్తాడు. ఛాతీలో ఎవరో డ్రిల్లు పెట్టినట్టుంది, భయమో సంతోషమో తేలలేదు, కాళ్ళు మాత్రం నేల మీద లేవు.

తిన్నగా మేస్త్రీ దగ్గరికే వెళ్ళాడు. మేస్త్రీ మిషన్ల రొదకి చెవులకి డిప్పలు పెట్టుకుని చెక్క చూసుకుంటున్నాడు.

"మేస్త్రీ, మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం. నాకు ఇప్పుడే తెలిసింది."

మేస్త్రీ ఒక చెవి డిప్ప తీసి, ఏంటన్నాడు. మళ్ళీ చెప్పాడు. రెండో డిప్ప తీసి, ఏంటన్నాడు. మూడోసారి చెప్పేసరికి షెడ్డులో మిషన్లన్నీ ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరికీ పని గుర్తులేదు.

"మొదటిసారే వినపడిందిలే," అన్నాడు మేస్త్రీ. "ఛార్జరు కొనడానికి ఇద్దరెందుకురా? పాతది నేనొక్కణ్ణే పోయి తెచ్చుకున్నాను. నిన్నూ దాన్నీ కలిపి పంపిస్తే, నువ్వు ఛార్జరే తెచ్చావు." చెక్క కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "మీ అక్కనీ బావనీ తీసుకుని ఆదివారం ఇంటికి రా. నాకేం అభ్యంతరం లేదు."

షెడ్డంతా హోరుమంది. రంపం ఈల వేశాడు. అప్పుడు కిటికీలోంచి వచ్చింది మాట.

"నాన్నా, ఆయన మిమ్మల్ని అడిగారు. మీరు ఒప్పుకున్నారు. రంపం అన్నయ్య ఈల కూడా వేశాడు. నన్నెవరన్నా అడిగారా?"

షెడ్డు నోరు మూసుకుంది.

రసమట్టం కిటికీ దగ్గరికి నడిచాడు. ఆమె లెక్కల పుస్తకంలో ఏదో రాస్తోంది. పెన్సిలు కదులుతోంది గాని కాగితం మీద ఏమీ పడటం లేదు.

"నన్ను ముందు పెడుతున్నారని నాకు తెలీలేదండి," అన్నాడు. "తెలిస్తే ఆ గొడుగు కింద నేనే ఉండేవాణ్ణి. మీరు షోరూముకి వెళ్ళొద్దని అడగడానికి రాలేదు. అది మీ వర్క్‌షాపు కంటే బాగుంటుంది, వెళ్ళండి. రోజూ సాయంత్రం ఐదున్నరకి మీరు బయటికొచ్చేసరికి నేను గేటు దగ్గర ఉంటాను. వాన పడ్డా ఉంటాను. ముసలాళ్ళమయ్యాక కూడా ఉంటాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె పెన్సిలు పుస్తకంలో పెట్టి మూసింది. తలెత్తినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవులు మాత్రం నవ్వుని ఆపలేక అవస్థ పడుతున్నాయి.

"ఐదున్నరకి కాదు," అంది. "షోరూము ఆరింటికి మూస్తారు. అరగంట ముందొచ్చి గేటు దగ్గర ఏం చేస్తారు? లోపలికి రండి."