సోని రాయని వరుస

కనక చావుకు కారణం కూతురు సోని చేసిన యాప్. రెండు నెలలుగా కనక మొగుడు సుక్రు ఇదే చెబుతున్నాడు. ఊళ్లో ఎవరూ కాదనలేదు. సోని కూడా కాదనలేదు.

డిగ్రీలో కంప్యూటర్లు చదివే సోనికి అది మొదటి యాప్. వాళ్ల కొండ మీద ఫోన్లో మాట వినబడదు, మెసేజ్ మాత్రం ఎలాగో వచ్చి చేరుతుంది. ఆసుపత్రి బండి కింద రోడ్డుకు ఎన్నింటికి వస్తుందో ఫోన్ తెర మీద చిన్న పెట్టెలో కనబడాలి. సోని కాలేజీకి వెళ్లిన ఆ రోజు బండి వచ్చింది, గంట ఆగింది, వెళ్లిపోయింది. మెసేజ్ కనబడక, జబ్బుతో ఉన్న కనకను ఎవరూ కిందికి దించలేదు. మూడో నాటికి ఆమె పోయింది.

ఆ ఉదయం సుక్రు కాఫీ గింజలు ఆరబోశాడు. వెంటనే మళ్లీ ఎత్తాడు. ఒకచోట నిలవలేకపోయాడు. అరుగు మీద సోని ల్యాప్‌టాప్ ముందు వంగి ఉంది.

"ఇంకా ఏటి సేత్తన్నావే గుంటా? అందులోంచి మీయమ్మ లేచొత్తాదా?"

"మెసేజ్ నీ ఫోనుకి సేరిందయ్యా. ఎందుకు కనబణ్ణేదో తెలట్లేదు. ఒక్కపాలి నువ్వు సూడు."

"నాను ముట్టను."

"అయితే కాలేజీ మానేత్తాను. నా తప్పేటో నాకే తెలీకపోతే ఇంకేటి రాత్తాను?"

"మానీ. పోడు సేనుకి రా, గుంటకత్తి పట్టి తుప్పలు కొట్టు."

అనేసి నాలుగడుగులు వేశాడు. సోనిని చదివించాలని పట్టుబట్టింది కనకే. వెనక్కి వచ్చి ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

సోని మెసేజ్ పంపగానే ఫోన్ తెర మీద పెట్టె వచ్చింది. చిన్నప్పుడు బళ్లో నేర్పినట్టు, సుక్రు మొదటి అక్షరం కింద వేలు పెట్టాడు. వేలు పెట్టె అంచు దాటింది. పెట్టె మాయమైంది.

సోని గభాలున లేచింది. "పెట్టె పక్కన తాకితే పోకూడదని కోడ్‌లో ఒక వరుస రాయాలయ్యా. నాను రాయనేదు. నువ్వన్నది నిజమే. అమ్మని నానే..." అంటూ ఏడ్చింది.

సుక్రు ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు.

"ఆ రోజూ వచ్చింది."

"ఏటి?"

"పెట్టె. వేలు పెట్టాను, పోయింది. ఏటొచ్చిందని మీయమ్మ అడిగింది. ఏటీ నేదన్నాను. సరిగ్గా సదవడం రాదని నవ్వుతారని పక్కింటి భీముడికీ సెప్పనేదు. నెపం నీ మీద ఏసీసాను."

సోని అతని వైపు చూడలేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆ వరుస రాసి, ఫోన్ అతని చేతికిచ్చింది. ఈసారి వేలు తగిలినా పెట్టె పోలేదు; సుక్రు అక్షరం అక్షరం కూడబలుక్కుని చివరిదాకా చదివాడు.

"కాలేజీకి బేగి ఎళ్లు. బస్సెళ్లిపోతాది."

"అయ్యా, ఆ రోజు అమ్మ ఇంకేటైనా..."

"సెప్పీసినాను. ఇంక ఆ మాట నా నోట రాదు. నాను సచ్చేదాకా అడక్కు."