సున్నా మేడమ్

రెండో అభ్యర్థి ఇంకా కుర్చీలో సర్దుకోకముందే మొదటి రాయి వచ్చి కిటికీకి తగిలింది. మందపాటి గాజు కావడంతో పగల్లేదు కానీ మధ్యలో తెల్లటి బీట పడింది. వెంటనే ఇంకొకటి తగిలింది. వకుళ తలెత్తి చూసి, కిటికీ దగ్గరున్న తన టిఫిన్ క్యారియర్‌ని బల్ల కిందికి జరిపింది.

"మీరు చెప్పండి. ఏం చదువుకున్నారు?" అంది ఎదురుగా ఉన్న కుర్రవాడితో, ఏమీ జరగనట్టే.

ముప్పై ఏళ్ళ కిందట సముద్రం తీరాన్ని మింగేసింది. ఊళ్ళకి ఊళ్ళే మూటలు నెత్తిన పెట్టుకుని ఈ పీఠభూమి మీదికి ఎక్కాయి. ఒడియా వాళ్ళు, బెంగాలీలు, తమిళులు, మన తెలుగే మాట్లాడే జాలర్లు, అందరూ కలగలిసిపోయి వచ్చారు. ఉప్పునీళ్ళు తాగి తాగి వాళ్ళ చర్మం మీద తెల్లటి పొక్కులు మచ్చలుగా నిలిచిపోయాయి. పైనున్న కొత్తమెట్ట నగరం వాళ్ళకి ఆ మచ్చల్ని బట్టే పేరు పెట్టింది: ఉప్పోళ్ళు. ఉప్పోళ్ళకి ఇల్లు అద్దెకివ్వరు. ఉప్పోళ్ళు తాగిన గ్లాసు విడిగా పెడతారు. ఉద్యోగానికైతే మచ్చ కనపడగానే "ఖాళీలు లేవమ్మా" అనేవాళ్ళు. పనుల దగ్గర కొట్లాటలు తలలు పగిలేదాకా, ఆ తర్వాత గుడిసెలు తగలబెట్టేదాకా వెళ్ళాయి.

అప్పుడు వచ్చింది పక్షమాపకం.

దాన్ని కనిపెట్టింది డాక్టర్ పరాంకుశం. మణికట్టుకి ఒక పట్టీ, చెవి వెనక బొట్టుబిళ్ళంత సెన్సర్, అంతే. ఎదుటి మనిషిని చూసిన క్షణంలో చెమట ఎంత పట్టింది, కంటిపాప ఎంత కదిలింది, ముక్కుపుటం, పెదవి చివర ఎలా ముడుచుకున్నాయి, మెదడులో ఏ మూల ఉలిక్కిపడింది, ఇవన్నీ కలిపి పట్టీ మీదున్న ముల్లు ఒక అంకె చూపిస్తుంది. "నోరు అబద్ధమాడుతుంది, ఒళ్ళు ఆడదు" అని పరాంకుశం గారు సభల్లో చెప్పేవారు. సున్నా దగ్గర ఆకుపచ్చ దీపం. నలభై దాటితే ఎర్రదీపం, దాంతోపాటు కందిరీగల తుట్టె కదిలినట్టు మోత. ఉద్యోగాలిచ్చే అధికారులందరూ డ్యూటీలో ఉన్నంతసేపూ పట్టీ తియ్యకూడదని చట్టం వచ్చింది. ఎర్రదీపం వెలిగితే ఆ అధికారి లేచి వెళ్ళిపోవాలి.

జల కేంద్రంలో నియామకాలు చూసే వకుళకి ఐదేళ్ళుగా ముల్లు సున్నా దాటలేదు. మెట్టవాళ్ళని చూసినా, ఉప్పోళ్ళని చూసినా సున్నాయే. నగరంలో ఇంకెవరికీ అంత నిలకడ లేదు. పత్రికల్లో ఫోటో వేశారు. ఆఫీసులో అందరూ 'సున్నా మేడమ్' అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి లోపల గర్వంగానే ఉండేది.

కుర్రవాడు వెళ్ళాక నూకరత్నం లోపలికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఆరేళ్ళుగా ఆ కేంద్రంలోనే కాలవలు శుభ్రం చేసే దినకూలీ. ఇప్పుడు పంపు డ్రైవరు పోస్టుకి పరీక్ష రాసి పాసైంది. ఉప్పోళ్ళకి ఉద్యోగాలివ్వొద్దని గేటు బయట గోల చేస్తున్నవాళ్ళు విసిరిన రాయి తగిలినట్టుంది, నుదురు చిట్లి రక్తం కనుబొమ్మ మీదుగా కారుతోంది. కొంగుతో అదుముకుంటూ నిలబడింది.

వకుళ పక్కనున్న భీమశంకరానికి ముఖం మాడిపోయింది. ఆయన పంపుల సూపర్‌వైజరు, భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు.

"నువ్వా! కాలవ చాలక నా మోటార్ల మీద పడ్డావా? నీ ఎండుచేపల కంపుకి ఇప్పటికే సగం మోటార్లు ఆగిపోతున్నాయి."

"మోటారుకి ముక్కుందేటి బాబూ? ముక్కున్నది తమరికేనండి" అంది నూకరత్నం.

"చూశారా మేడమ్ దీని పొగరు! పిట్టగోడ మీద చేపలు ఎండబెట్టొద్దే అని ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నాను. నేను అవతల పారేయడం, ఇది మళ్ళీ తెచ్చి పరవడం."

"పారేసినవి పారేసి, పోయినేడాది నాకు ఉబ్బసం వొచ్చి పడిపోతే ఆస్పత్రికి మోసుకెల్లినారు. అదీ సెప్పండి మరి."

"చస్తే శవం నా పంపుహౌస్‌లో ఉంటుందని మోశాను!"

అప్పటికే ఆయన మణికట్టు మీద ఎర్రదీపం వెలిగి, కందిరీగలు రేగాయి. ముల్లు డెబ్భై దాటింది. ఆయన పట్టీ వంక చూసి, "తెలుసులేవయ్యా" అని దాన్నే కసిరి, కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. చట్టప్రకారం ఆ రోజుకి ఆయన డ్యూటీ గేటు దగ్గరికి మారిపోయింది.

వకుళ మిగతా ప్రశ్నలు అడిగింది. నూకరత్నం తడబడుతూనైనా జవాబులు చెప్పింది. నుదుటి మీంచి ఒక రక్తపు బొట్టు బల్ల మీద పడింది. వకుళ కాగితాలు తడవకుండా పక్కకి తీసి, మార్కులు వేసింది. అందరిలోకీ నూకరత్నానివే ఎక్కువ.

"ఉద్యోగం మీకే వచ్చింది. సాయంత్రం చీఫ్ ఇంజినీరుగారు సంతకం పెడితే ఆర్డరు చేతికిస్తాం. అందాకా యార్డులో కూర్చోండి."

నూకరత్నం చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి ఆమెకి. వకుళ మణికట్టు మీద ఆకుపచ్చ దీపం నిశ్చలంగా వెలుగుతోంది.

పంపు డ్రైవరు పోస్టు ఉప్పుదానికి వెళ్ళిందన్న మాట మధ్యాహ్నానికల్లా బజారు చుట్టివచ్చింది. భోజనాల వేళకి గేటు బయట రెండు వందలమంది చేరారు. ఇనప కమ్మీలు, సైకిల్ గొలుసులు, పెట్రోలు సీసాలు. వాళ్ళలో మూడు నెలలుగా ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లలున్నారు, వాళ్ళ తండ్రులున్నారు. "మా నీళ్ళు మాకు! ఉప్పోళ్ళని కిందికి తొయ్యండి!" లారీ ఒకటి వెనక్కి వెళ్ళి, ఊపందుకుని వచ్చి గేటుని గుద్దింది. రెండోసారికి గేటు కూలింది.

సైరన్ మోగింది. పంపు హాలుకున్న ఉక్కు తలుపు మూసెయ్యాలి. నగరానికి నీళ్ళిచ్చే మోటార్లు ఆ హాలులోనే ఉన్నాయి. సీనియరు అధికారి కాబట్టి తలుపు మీట వకుళ చేతిలో ఉంది. సిబ్బంది పదిహేనుమంది పరుగెత్తి లోపలికి వచ్చారు. ఆమె మీట నొక్కింది. తలుపు మూసుకుంది.

తలుపులో అరచేయంత గాజుకన్ను ఉంది. వకుళ అందులోంచి చూసింది. యార్డులో ఇంటర్వ్యూకి వచ్చిన ఉప్పోళ్ళు ఏడెనిమిదిమంది ఎటు పరుగెత్తాలో తెలియక గోడకి అతుక్కుపోయారు. ఇందాక నూకరత్నం కన్నా ముందు ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రవాణ్ణి కాళ్ళు పట్టి ఈడ్చారు. గొలుసు లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. కుర్రవాడి అరుపు మధ్యలోనే తెగిపోయింది. ఎవరో సీసా విసిరారు. గోడ పక్కనున్న ముసలాయన పంచె భగ్గుమంది.

నూకరత్నం తలుపు దగ్గరికి చేరింది. రెండు చేతులతో బాదింది.

"అమ్మగోరూ! నానండీ, నూకరత్నాన్ని! తలుపు తియ్యండమ్మగోరూ!"

హాలులో ఒకమ్మాయి ఏడుస్తూ, "మేడమ్, తియ్యండి మేడమ్" అంది.

వకుళ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఆమెకి అన్యాయం చేసే అలవాటు లేదు. తలుపు సిబ్బందికి మాత్రమే తెరవాలి. నూకరత్నం ఆర్డరు మీద ఇంకా సంతకం కాలేదు. కాబట్టి సిబ్బంది కాదు. పోనీ అని తెరిస్తే, మిగతా వాళ్ళకి తెరవకుండా ఈమెకే తెరవడం ఏ న్యాయం?

"ఒకరికి తీస్తే అది పక్షపాతం అవుతుంది" అంది ఆ అమ్మాయితో. గొంతులో కోపం లేదు, వణుకు లేదు.

అంతలో భీమశంకరం కనిపించాడు. గేటు గది నుంచి వస్తున్నాడు. చేతిలో వాల్వులు తిప్పే మీటరు పొడుగు ఇనప కడ్డీ. అడ్డొచ్చినవాడి మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు తలుపు లోపలికి వినిపించింది. ఇంకొకడు వెనక నుంచి ఆయన భుజం మీద పొడిచాడు. ఆయన తిరిగి వాడి దవడ పగలగొట్టాడు. చొక్కా అంతా రక్తంతో వచ్చి తలుపు మీద పడ్డాడు. మణికట్టు మీద ఎర్రదీపం పిచ్చిగా మోగుతోంది.

"తలుపు తీయండి మేడమ్!"

ఆయన సిబ్బంది. వకుళ మీట తిప్పింది. తలుపు మూరెడు తెరుచుకుంది.

"మీరొక్కరే రండి, తొందరగా."

ఆయన పక్కకి తిరిగి సందులోంచి లోపలికి దూరాడు కానీ తలుపు వదల్లేదు. సందులో కడ్డీ అడ్డం పెట్టి, బయట ఉన్న నూకరత్నం వైపు చెయ్యి చాచాడు. "రావే! ఏం చూస్తున్నావు, చావుకొచ్చిన మొహమా, లోపలికి తగలడు!"

నూకరత్నం ఆ చెయ్యి పట్టుకుంది. ఆమె జుట్టు అప్పటికే ఇంకొకడి పిడికిట్లో ఉంది. వాడి వెనక ఇంకో పాతికమంది పరుగెత్తుకొస్తున్నారు. తెరిచిన సందు వాళ్ళకీ కనపడింది.

మోటార్లు ఆగితే నగరానికి నీళ్ళుండవు. వకుళ మీట నొక్కింది.

కడ్డీ వంగింది. ఉక్కు తలుపు భీమశంకరం మోచేతి మీదుగా మూసుకుపోయింది. ఆయన పెట్టిన కేకకి హాలులో వాళ్ళు చెవులు మూసుకున్నారు. గాజుకన్నులోంచి నూకరత్నం ముఖం ఒక్క క్షణం కనపడింది. ఆ తర్వాత గాజు మీద రక్తం చిమ్మి ఏమీ కనపడలేదు.

సాయంకాలం పోలీసులు వచ్చి తలుపు తెరిపించేసరికి, నలిగి తెగిన ఆ చెయ్యి ఇంకా నూకరత్నం వేళ్ళలోనే ఉంది. విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చింది.

వకుళ ఇంటికి వెళ్ళి, కూతురు వేలు తెగి రక్తం కారుతుంటే గాభరాపడి కట్టు కట్టి, స్నానం చేసి అన్నం పెట్టింది. పంపు డ్రైవరు పోస్టుకి మళ్ళీ ప్రకటన వెయ్యాలని పడుకునే ముందు గుర్తొచ్చింది.

నెల తిరక్కుండా విచారణ సంఘం కూర్చుంది. అధ్యక్షుడు రిటైర్డ్ జడ్జి దక్షిణామూర్తి గారు, ఇంకా నలుగురు. వాళ్ళకీ సాక్షులకీ, అందరి చేతులకీ పట్టీలు. ముందుగా భీమశంకరాన్ని పిలిచారు. ఒంటిచేత్తో వచ్చి నిలబడ్డాడు. తెర మీద నూకరత్నం శవం ఫోటో వెయ్యగానే ఆయన పట్టీ మోత మొదలుపెట్టింది. చట్టప్రకారం పక్షపాతం ఉన్న సాక్షి పనికిరాడు. "దాని పేరైనా రాసుకోండయ్యా, నూకరత్నం!" అని అరుస్తుంటే బయటికి పంపేశారు.

తర్వాత పరాంకుశం గారు లేచారు. తెల్లటి జుట్టు, ఇస్త్రీ నలగని లాల్చీ. వకుళ పట్టీలోని రికార్డు ఆయన దగ్గరుంది.

"ఆ రోజు తలుపు దగ్గర వకుళగారి ముల్లు సున్నా. తలుపు అవతల ఆ మనిషి చనిపోతున్నప్పుడు కూడా సున్నా. ఇంటికెళ్ళాక, పట్టీ తీసే ముందు కూతురి వేలు చూసినప్పుడు తొంభై. దీన్నిబట్టి నాకు ఇప్పుడు అర్థమైంది. ముల్లుకి దిక్కు తెలియదు. అసహ్యమా, భయమా, జాలా, ప్రేమా దానికి అనవసరం. మనసు కదిలిందా లేదా, అంతే. మనం సున్నా అంటే న్యాయం అనుకున్నాం. కుర్చీని చూసినా సున్నాయే వస్తుంది. ఈవిడ వాళ్ళని ద్వేషించలేదు, నిజమే. ద్వేషించడానికైనా ఎదుట మనిషి ఉండాలి కదా! భీమశంకరానికి ఉంది. ఈవిడకి లేదు. ఈ చట్టం రద్దు చెయ్యాలి."

గదిలో అందరూ వకుళ వైపు చూశారు. ఆమె తల వంచుకుంది. ఐదేళ్ళ పేరు, ఉద్యోగం, అన్నీ ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయి.

దక్షిణామూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "బాగుంది డాక్టరుగారూ. మా దీపాలూ పచ్చగానే ఉన్నాయి మరి. మేమూ కుర్చీల్నే చూస్తున్నామంటారా?"

"అనక తప్పదు."

"మీరెప్పుడైనా కట్టుకున్నారా అది?"

"నేను తయారుచేసినవాణ్ణి. నాకు అవసరం రాలేదు."

"ఇప్పుడు కట్టుకోండి, చూద్దాం."

పరాంకుశం గారు నవ్వి, పట్టీ కట్టుకుని, సెన్సర్ చెవి వెనక అంటించుకున్నారు. తెర మీద మళ్ళీ ఆ ఫోటో వేశారు. విప్పారిన కళ్ళు, ఊడిన జుట్టు, పిడికిట్లో ఇంకొకరి చెయ్యి. ఆయన దాన్ని సూటిగా చూస్తూ మణికట్టు పైకెత్తి పట్టుకున్నారు.

ముల్లు కదల్లేదు.

"బ్యాటరీ అయిపోయినట్టుంది" అన్నారు.

ఇంకొకటి ఇచ్చారు. ఆయన తెర దగ్గరికి నడిచి వెళ్ళారు. ఫోటోకి జానెడు దూరంలో నిలబడ్డారు. కళ్ళు మూసి తెరిచారు. పెదవులు ఏదో గొణిగాయి, తనని తాను బతిమాలుకుంటున్నట్టు. ఆకుపచ్చ దీపం అలాగే వెలుగుతోంది. ముసలాయన కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి, కానీ అవి ఆ ఫోటోని చూసి వచ్చినవి కావు.

అంత పెద్దమనిషి, అందరి ముందూ, అలా! వకుళకి గుండె పట్టేసినట్టయింది. అయ్యో పాపం అనుకుంది.

గది మధ్యలో కందిరీగలు రేగాయి. అందరూ ఉలిక్కిపడి చూశారు. సున్నా మేడమ్ మణికట్టు మీద ఎర్రదీపం వెలుగుతోంది.

వకుళ రెండో చేత్తో పట్టీని కప్పేసుకుంది. మోత ఆగలేదు. చట్టం ఆమెకి కంఠతా వచ్చు. లేవబోయింది.

"కూర్చోండమ్మా" అన్నారు దక్షిణామూర్తి గారు అనునయంగా. "మనవాళ్ళని చూసి వచ్చింది లెక్కలోకి రాదు." చెయ్యి చాచి, ఆమె పట్టీ మీద మీట నొక్కి మోత ఆపేశారు. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, డాక్టరుగారికి మంచినీళ్ళు తెమ్మన్నారు.