సొంత వెలుగు

నందికొట్కూరు రోడ్డు మీద పట్టపగలు ఒక బండల లారీ సాహితి స్కూటీని వెనకనుంచి గుద్దింది. గుద్ది పారిపోలేదు, ఆగింది. లారీలోంచి దిగిన మనిషి ఆమెను లేపలేదు, అంబులెన్సుకు ఫోన్ చేయలేదు. ఆమె భుజానికున్న సంచి లాక్కుని మళ్లీ లారీ ఎక్కాడు. నంబరు ప్లేటు నిండా బురద. వాన మొహం చూసి నెలలైన సీమలో బురద ఎక్కడిదని ఒక్క పోలీసుకూ అనుమానం రాలేదు.

కర్మకాండ ముగిసిన మర్నాడు కర్నూలు బస్టాండు పక్క టిఫిన్ బండి దగ్గర ఏజెంట్ పరమేష్ నిలబడి ఉన్నాడు. సాహితి అతని అక్క.

"ఉగ్గాణిలో పుట్నాలపొడి తక్కువైంది," అంది పక్కన ప్లేటు పట్టుకున్న పెద్దావిడ.

"బజ్జీ ఉండాది గదా, సర్దుకుంటాది," అన్నాడు పరమేష్.

కోడ్ సరిపోయింది. ఆవిడ కృష్ణవేణమ్మ, నిఘా విభాగంలో అతని చీఫ్. రాయచోటి మనిషి. చూస్తే పెళ్లిచూపులకు బయల్దేరిన మేనత్తలా ఉంటుంది. ఆవిడ పట్టించిన గూఢచారులు మూడు దేశాల జైళ్లలో ఉన్నారు.

"సంచిలో ఏముండిందో తెలుసునా?"

"అక్క సిలిండర్."

"గ్లాసంత ఉంటాది. ఉక్కుది, పక్కన గాజు కిటికీ. లోపల మీ అక్క పెంచిన కణాలు. సముద్రం అడుగున ఉండేటంత ఒత్తిడిలో గూడా బతుకుతాయి. మన నేవీ డైవర్లకు తయారయ్యే మందుకు అవే మూలం. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా కొంటాంది. అమ్మేది ఎర్రగుంట్ల కాడ బండల ఫ్యాక్టరీ శేషన్న. లారీ గూడా వానిదే అనుకుంటాండాం. సాక్ష్యం లేదు."

"నేను తెస్తా."

"వాణ్ణి ప్రాణంతో తేవాల. తమ్ముడిగా పోయేటట్టయితే ఈడే ఆగిపో. ఏజెంటుగా అయితేనే పో."

"తమ్ముణ్ణి ఈడ పెట్టి నేనెట్ల పోయేది మేడం?"

కృష్ణవేణమ్మ బజ్జీ కొరికింది.

శేషన్నకు ప్రపంచంలో రెండంటే ప్రాణం. ఒకటి దుడ్లు, రెండోది తెల్లచొక్కా. నల్లబండల దుమ్ములో తిరిగే మనిషికి పూటకో చొక్కా కావాలి, అదీ కళ్లు చెదిరేటంత తెల్లగా. ఆ చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసే పనికి కోడుమూరు నుంచి గోపన్న అనేవాడు వచ్చి చేరాడు. మాసిన లుంగీ, నోట్లో వక్కాకు, చేతిలో పాతకాలం బొగ్గుల ఇస్త్రీ పెట్టె. ఆ పెట్టెకు దొంగ అర ఉందనీ, గోపన్న అసలు పేరు పరమేష్ అనీ శేషన్నకు తెలిసే దారి లేదు.

తను చంపిన ఆడపిల్ల తమ్ముడే రోజూ తన చొక్కాకు గంజి పెడుతున్నాడని కూడా తెలీదు. పరమేష్ ఒక్కో కాలర్‌ను పళ్లు బిగబట్టి రుద్దేవాడు. అది కాలర్ కాదు, గొంతు అనుకుని రుద్దేవాడు.

ఆ సబ్బునురగ చూసినప్పుడే అక్క ల్యాబ్ గుర్తొచ్చింది. ఒకసారి ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని ఆమెను చూడ్డానికి పోతే, చీకటిగదిలో యూవీ దీపం కింద చొక్కా నీలంగా భగ్గుమంది.

"ఏమిరా, నీ చొక్కా నా కణాల కంటే ఎక్కువ వెలుగుతాంది, బయటికి నడువు," అని నవ్వింది సాహితి. తర్వాత తనే చెయ్యి పట్టుకుని సిలిండర్ గాజు కిటికీ దగ్గరికి లాగింది. "ఈటిది సొంత వెలుగురా. రంగు పుయ్యలేదు, మందు కలపలేదు. ఒత్తిడి పెంచితే కణానికి ఊపిరాడదు, వెలుగు ఎగుస్తాది. నా కణాలు గట్టివి గాబట్టి ఊపిరి తెచ్చుకుంటాయి, వెలుగు మళ్లా కుదురుకుంటాది. అట్ల కుదురుకుంటేనే ఇవి నావి. నీ చొక్కాలో వెలిగేది సబ్బుపొడి, దానికి ప్రాణముందా ఏమన్నా? ఎంత నొక్కినా అట్లే ఉంటాది."

ల్యాబ్ నుంచి డూప్లికేట్ సిలిండర్ వచ్చింది. అందులో ఏం నింపాలో చీఫ్ చెప్పలేదు. పరమేష్ నింపుకున్నాడు.

ఆర్కిడ్ తరఫున ముందుగా దిగింది స్వర్ణలత. కడప పిల్లే, చదువు దుబాయ్‌లో. నల్ల షిఫాన్ చీర, నల్ల గాగుల్స్, ఆమె నడిచిన దారిలో పది నిమిషాలు సెంటు వాసన. ఆర్కిడ్ ఆమెను తమ మనిషి అనుకుంటోంది. మన విభాగమూ తన మనిషే అనుకుంటోంది. సరుకు తనిఖీ అని చెప్పి ఆమె శేషన్న ఇనప్పెట్టె తెరిపించింది. డూప్లికేట్ లోపలికి పోయింది. మాసిన చొక్కాల మూటలో ఒరిజినల్ ఉతికే గదికి వచ్చింది.

"గోపన్నా, కాలర్ గట్టిగా ఉండాల," అంది మూట ఇస్తూ. అదే కోడ్.

పరమేష్ తలుపు మూశాడు. యూవీ టార్చ్ వేశాడు. కిటికీలో నీలం మెరిసింది. సిలిండర్‌కున్న ఒత్తిడి పెంచే పంపు మర తిప్పాడు. వెలుగు ఎగసింది. అతను ఊపిరి బిగబట్టాడు. వెలుగు మెల్లగా తగ్గి, కుదురుకుంది.

"ఏడుస్తాండావా?" అంది స్వర్ణలత.

"సబ్బు కంట్లో పడింది."

"ఇప్పుడన్నా నమ్ముతావా నన్ను?"

"ఈ ఒక్క సిలిండర్ మటుకు."

బేరం మర్నాడు మధ్యాహ్నం, బండల గోడౌన్‌లో. షట్టర్లు దించేశారు. బయట పాలిషింగ్ మిషన్ల రొద. ఆర్కిడ్ మనిషి లూకాస్ టూరిస్టు వేషంలో వచ్చాడు, గండికోట చూసి వస్తున్నట్టు మెడలో కెమెరా. దొర ముందర చొక్కా మడత పడకూడదని శేషన్న గోపన్నను కూడా లోపలే నిలబెట్టుకున్నాడు. గోపన్న చేతిలో ఇస్త్రీ పెట్టె. అందులో ఈరోజు బొగ్గుల్లేవు, గేటు దగ్గర సోదాల వల్ల బయటికి పంపలేకపోయిన సాహితి కణాలున్నాయి. శేషన్న చొక్కా రెండో గుండీలో మైక్ ఉంది. దాన్ని కుట్టింది గోపన్నే. గేటు బయట వ్యానులో కృష్ణవేణమ్మ వింటోంది.

లూకాస్ లైటు ఆర్పించి యూవీ టార్చ్ వేశాడు. సిలిండర్ కిటికీ నీలంగా వెలిగింది. శేషన్న ఇకిలించాడు. లూకాస్ మర తిప్పాడు. వెలుగు కదల్లేదు. ఇంకా గట్టిగా తిప్పాడు. ఊహూఁ.

అప్పుడు తలెత్తాడు. చీకట్లో శేషన్న చొక్కా కూడా వెలుగుతోంది. అదే నీలం.

లూకాస్ చేతిలోకి పిస్టల్ వచ్చింది. ఇంగ్లిష్‌లో ఏదో కరిచినట్టు అన్నాడు.

"సబ్బునీళ్లు అమ్ముతావా అంటున్నాడు," అంది స్వర్ణలత తాపీగా. "అసలుది ఎవరికి అమ్మినావో చెప్పాలంట. లేకుంటే కాలుస్తాడంట."

"అయ్యో, ఇదే అసలుదని చెప్పమ్మా!" శేషన్న గొంతు కీచుమంది. "నా చేత్తో తెచ్చినా! లారీ తోలింది నేనే, ఆ పిల్లను గుద్దింది నేనే! భుజాన్నుంచి సంచి గుంజేటప్పుడు ఇంకా పానముండాది దానికి, నీళ్లు నీళ్లు అంటాంది. పలక్కుండా వచ్చేసినా! ఇది దొంగదెట్లయితాది?"

నీళ్లు అడిగిందన్న సంగతి పరమేష్‌కు అంతవరకూ తెలీదు.

లూకాస్ వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది. పేలనీ, అనుకున్నాడు పరమేష్. నిజంగానే అనుకున్నాడు. దుమ్ములో, నోట్లో నీళ్లు లేకుండా చావనీ. కానీ తూటాకు ఎంతసేపు పడుతుంది? అంత సులువు చావు వీడికెందుకు? వీడు బతకాలి. కోర్టులో తన గొంతు తనే వినాలి. ఏళ్ల తరబడి వినాలి.

చేతిలో ఉన్నది ఒక్కటే, అక్క ప్రాణం పోసిన కణాలు దాచిన ఇత్తడి ఇస్త్రీ పెట్టె. క్షమించక్కా, అనుకుని విసిరాడు.

పెట్టె లూకాస్ మణికట్టుకు తగిలింది. తూటా రేకుల కప్పులోకి పోయింది. స్వర్ణలత హైహీల్ పిస్టల్‌ను తొక్కింది. షట్టరు పైకి లేచింది, కృష్ణవేణమ్మ మనుషులు లోపలికి ఉరికారు.

పరమేష్ ఎవరినీ చూడలేదు. పెట్టెలోంచి జారి బండల కింద దొర్లిన సిలిండర్‌ను తీసి, వెలుతురు పడకుండా లుంగీ చాటున పెట్టుకుని యూవీ టార్చ్ వేశాడు. మర తిప్పాడు. వెలుగు ఎగసింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత కుదురుకుంది.

చేతులకు బేడీలు పడిన శేషన్న బండ మీద కూలబడ్డాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంది. నాలుక పిడచగట్టుకుపోయింది.

"గోపన్నా... రోంత నీళ్లియ్యప్పా."

పరమేష్ డూప్లికేట్ సిలిండర్ తీసి అతని ముందు పెట్టాడు.

"ఈడ సబ్బునీళ్లే ఉండాయి శేషన్నా. నీ చొక్కాలు ఉతికినవే."