బ్లీచు తగలని చోటు

తనూజ గుమ్మంలోకి వచ్చేసరికి అసిస్టెంటు గిరిబాబు టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. తోర్వా పేటలోని ఆ రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసుకి ఏడుస్తూ వచ్చేవాళ్లు కొత్తేం కాదు. ఈమె మాత్రం ఏడవడం లేదు.

"నేనేటి తప్పు చేసానో మీరే తేల్చాలండీ," అంది కూర్చోకుండానే. "రేపటికల్లా తప్పు ఒప్పుకొని రాసివ్వాలట. లేకపోతే పోలీసు కంప్లైంటేనంటున్నాడు రాజేంద్ర."

రైల్వే కాలనీలో ఆమెది చిన్న బ్యూటీ పార్లరు. రెండు నెలల క్రితం పొరుగు క్వార్టరు కనకం అక్కడ ముఖానికి బ్లీచు చేయించుకుంది. ఆ తర్వాత నెలకి ఆమె భర్త, రిటైరైన రైల్వే గార్డు శంకరరావు, గుండెపోటుతో పోయాడు. పదకొండో రోజున బొట్టు తీయిస్తే నుదుటి మీద తెల్లటి గుండ్రని మచ్చ బయటపడింది. ఇదేమిటని కొడుకు రాజేంద్ర అడిగితే, తనూజ బ్లీచు పెట్టాకే వచ్చిందని చెప్పింది కనకం. ఆ రోజు నుంచి పార్లరు గడప తొక్కినవాళ్లు లేరు.

"నన్ను కూతురిలాగ చూసేదండీ కనకం పిన్ని. ఆవిడే అలాగ అందంటే..."

ఆఫీసు నడిపే డిటెక్టివ్ జ్యోతిర్మయి ఓదార్చే రకం కాదు. చెయ్యి చాపి కనకం కార్డు అడిగింది. ఎవరి చర్మం ఎలాంటిదో తనూజ కార్డుల మీద రాసిపెట్టుకుంటుంది.

గిరిబాబు పైకి చదివాడు. "నుదురు, ముక్కు జిడ్డు. బుగ్గలు పొడి, వాటి మీద మంగు మచ్చలు. బ్లీచు తక్కువసేపు. బొట్టు తియ్యనంది, దాని చుట్టూ వదిలేశాను."

"చివరి మాట మళ్లీ చదువు," అంది జ్యోతిర్మయి.

చదివాడు. ఆమెకేం తోచిందో అతనికి అంతుపట్టలేదు. పన్నెండేళ్లుగా వెంట తిరుగుతున్నా ఆ తెలివి అతనికి అంటలేదు. ఆమెని చూసి మురిసిపోవడంతోనే పుణ్యకాలం గడిచిపోతోంది.

మధ్యాహ్నం ఇద్దరూ కనకం క్వార్టరుకి వెళ్లారు.

"బ్లీచు పెట్టినప్పుడు తనూజ మీ బొట్టు తీసిందా?" అని అడిగింది జ్యోతిర్మయి.

"తీసీసిందండీ," అంది కనకం తల దించుకుని.

బీరువా అద్దం మీద వాడేసిన స్టిక్కరు బొట్లు వరసలుగా అంటించి ఉన్నాయి, పైన చిన్నవి, కింద పెద్దవి. జ్యోతిర్మయి వాటినీ, గోడ మీది ఫొటోలనీ తీరిగ్గా చూసింది.

"ఇవి ఎవరు తెచ్చేవారు?"

"ఆయనే. బుధవారీ బజారు నుంచి." ఆ ఒక్క మాటా కనకం తలెత్తి చెప్పింది.

తిరుగుదారిలో జ్యోతిర్మయి ఫోన్లో తీసిన కనకం నుదుటి ఫొటోని ఒక చర్మం డాక్టరుకి చూపించింది. ఆ తర్వాత బజారులో గాజులు, బొట్లు అమ్మే ముసలమ్మతో చాలాసేపు మాట్లాడింది. గిరిబాబుని మాత్రం స్కూటరు దగ్గరే ఉండమంది.

మర్నాడు పొద్దున్నే జ్యోతిర్మయి కనకం ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టింది.

"ఇది బ్లీచు మచ్చ కాదు. ఆ రోజు బొట్టు తియ్యలేదు. ముఖం మొత్తంలో బ్లీచు తగలని చోటు అదొక్కటే."

"కార్డు ఇప్పుడు రాసుండొచ్చు కదా?" అన్నాడు రాజేంద్ర.

"సరే, కార్డు వదిలెయ్. గోడ మీద నీ పెళ్లి ఫొటో చూడు, అమ్మ బొట్టు శనగగింజంత. పక్కన నాన్నగారి రిటైర్మెంటు ఫొటో. రెండేళ్ల కిందటి తేదీ బ్యానరు మీదే ఉంది. అందులో బొట్టు రూపాయి బిళ్లంత. అద్దం మీదా ఇదే వరస. అప్పటికే కింద దాచాల్సింది ఏదో ఉందన్నమాట. బ్లీచు మొన్న మొన్నటిది."

"మరి మచ్చ ఎలా వచ్చింది?"

"స్టిక్కరు జిగురు. కొందరి చర్మానికి పడదు. ఏళ్ల తరబడి ఒకేచోట అంటుకుని ఉంటే రంగు పోతుంది."

"అచ్ఛా, అమ్మ అబద్ధం చెప్పిందంటారా?"

కనకం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెప్పేను నాయనా. జిగురు పడలేదు, మానీమని ఏడాది కిందటే డాక్టరమ్మ చెప్పింది. ఎలాగ మానను? ఉద్యోగం ఉన్నన్నాళ్లూ డ్యూటీ దిగి, ఇంటికి రాకముందే బజారుకెళ్లి తెచ్చీవోరు. మనిషి పోయాక, ఆయన తెచ్చిన బొట్టే నా మొకం పాడుచేసిందని నలుగురూ అంటే నేను వినలేను. ఆ నింద ఈ పిల్ల మీదకి తోసీసేను."

తనూజ కళ్లనీళ్లు ఆగలేదు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"పెద్ద బొట్లు మీరే అడిగారా?" అంది జ్యోతిర్మయి.

"లేదమ్మా. ఓ రోజు ఆయనే తెచ్చీసారు. ఆయన కంట పడకుండా మచ్చ దాగిపోయిందని సంతోషించేను."

జ్యోతిర్మయి తడబడటం గిరిబాబు అదే మొదటిసారి చూశాడు.

"కొట్టు ముసలమ్మకి బాగా గుర్తుంది. 'మా ఆవిడ నుదుట తెల్ల మచ్చ వస్తోంది, నేను చూశానని తెలిస్తే చిన్నబోతుంది, కొంచెం పెద్దవి ఇవ్వు' అన్నారట. జిగురు సంగతి ఆయనకి తెలీదు."

కనకం చాలాసేపు అద్దం వైపే చూసింది. తర్వాత ఏడ్చింది. భర్త పోయిన రోజున కూడా అమ్మ అంతలా ఏడవలేదని రాజేంద్ర తర్వాత గిరిబాబుతో చెప్పాడు.

తనూజ దగ్గరగా వెళ్లి చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, మచ్చ కనబడకుండా నా దగ్గర క్రీము ఉంది. రాస్తాను."

"వద్దమ్మా," అంది కనకం, నుదురు తడుముకుంటూ. "ఇంకెవరి దగ్గర దాచాలి? ఆయన చూసీసినారు."