కదలకుండా మూడు నిమిషాలు

ఆదివారం లోపల చేయవలసినవి: బిస్కెట్ల డబ్బా లోపల నల్లరంగు పూయాలి. ముందువైపు రేకుకు సూదిమొనతో బెజ్జం పెట్టాలి. నరసరావుపేట పోయి స్టూడియో ఖాదర్ వలి గారి దగ్గర ఫోటో కాగితాలు, కడిగే మందులు తేవాలి. లీలావతికి ఒక మాట చెప్పాలి.

చివరిది మాత్రం కాగితం మీద రాయలేదు.

1958లో నేను మాచవరం స్కూల్లో సైన్సు మాస్టర్ని. మా ఇంట్లో బి.ఎస్సీ. చదివిన మొదటివాణ్ణి. లీలావతి మా హెడ్మాస్టరు ప్రభుదాసు గారి అమ్మాయి.

"క్రోసూరు సంబంధం వాళ్ళు ఫోటో అడిగారయ్యా శౌరీ. ఆడపిల్లను పేట దాకా ఏం తిప్పుతాం? నువ్వు చేస్తానంటున్న డబ్బా కెమెరా ఉందిగా" అన్నారాయన.

కాదనలేకపోయాను. వాళ్ళు లూథరన్లు, మేం ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. అందుకే ఆ మాట ఏడాదిగా గొంతులోనే ఉంది.

శనివారం పొద్దున లీలావతి వాళ్ళమ్మ కాంతమ్మ గారు పెరట్లో దండెం మీద తెల్లదుప్పటి వేసి, దాని ముందు కుర్చీలో కూతుర్ని కూర్చోబెట్టారు.

"మూడు నిమిషాలు కదలొద్దు. కదిలితే మొహం చెదిరిపోతుంది" అన్నాను.

"ఊపిరి పీల్చుకోవచ్చా మాస్టారూ?"

"కొంచెం."

"చానా దయ."

ధాన్యం గది తలుపులు మూసి, ఎర్రకాగితం చుట్టిన లాంతరు వెలుగులో కడిగాను. కుర్చీ చక్కగా వచ్చింది. మొహం ఉండాల్సిన చోట మసక.

"ఏందయ్యా ఇది, పెళ్ళి కుర్చీకా?" అన్నారు ప్రభుదాసు గారు.

"బెజ్జం పెద్దదైందండి. తప్పు నాదే."

ఖాదర్ వలి గారు ఇచ్చింది మూడే కాగితాలు. బొమ్మకు రెండు కావాలి. మొదటిదాంట్లో తెలుపు నలుపుగా పడుతుంది, దాన్ని తిరగేసి అచ్చు తీయడానికి రెండోది. అంటే ఇంక ఒక్కసారే.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి లీలావతి మళ్ళీ కూర్చుంది. గాలికి దుప్పటి ఎగురుతోంది. ప్రభుదాసు గారు వీధిలో ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"తప్పు మీదని ఎందుకన్నారు?" అంది గొంతు తగ్గించి.

"మిమ్మల్ని తిడతారని."

"నేను కావాలనే కదిలాను. ఎందుకో అడగరా?"

బెజ్జం మీది అట్టముక్క తీశాను.

"ఇప్పుడు అడుగుతున్నా. మాట్లాడకండి. నన్ను చేసుకోవడం ఇష్టం లేకపోతే తల తిప్పండి. ఇష్టమైతే కదలకండి."

నూట ఎనభై లెక్కపెట్టాలి. నలభై దగ్గర ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. తొంభై దగ్గర చెంప మీద ఈగ వాలింది. కదల్లేదు. నా చూపు ఆమెను దాటి పోలేదు. నూట అరవై దగ్గర ప్రభుదాసు గారు వచ్చి నా పక్కనే నిలబడ్డారు. అప్పుడూ కదల్లేదు.

మొహం అద్దంలో చూసినట్టు వచ్చింది. క్రోసూరు పంపడానికి అంతకన్నా మంచి బొమ్మ ఉండదు. అచ్చు తీసి, తడి ఆరకముందే ఆయన చేతిలో పెట్టి, జరిగింది దాచకుండా చెప్పేశాను.

ఆయన మొహం గట్టిపడింది.

"నమ్మి పెరట్లోకి రానిస్తే నువ్వు చేసింది ఇదా? మీరు ఆర్‌సీఎం."

"అవునండి."

"రేపు ఫోటో కోసం వాళ్ళ మనిషి వస్తాడు. ఏం చెప్పమంటావు?"

కాంతమ్మ గారు బొమ్మ అందుకుని, ఒక పక్క వేలు పెట్టి చూపించారు. దుప్పటి అంచున నాలుగు వేళ్ళు. గాలికి ఎగరకుండా వెనక నుంచి పట్టుకుని నిలబడింది ఆవిడే. మూడు నిమిషాలూ.

"నేనూ విన్నానండీ. నేనూ కదల్లేదు" అన్నారు భర్తతో. "వాళ్ళకు ఆ కుర్చీ బొమ్మ పంపండి."

ఆయన బొమ్మ తీసుకుని ఆ వేళ్ళను చూశారు. చివరికి నా వైపు తిరిగి, "పెళ్ళి మీ గుళ్ళోనా, మా గుళ్ళోనా?" అన్నారు.

కాంతమ్మ గారు ఇప్పుడు లేరు. ఆమెకు వేరే ఫోటో కూడా లేదు, ఆ నాలుగు వేళ్ళే. మీ చేతికి ఎప్పుడైనా పాత ఫోటో వస్తే దాని అంచులు కూడా ఒకసారి చూడండి. చూసినప్పుడు ఆమెను తలుచుకోండి.