చేతులు కట్టుకుని

పొద్దున్నే టీ కప్పుతో హాల్లోకి వచ్చిన తాతయ్య బల్ల ముందు ఆగిపోయాడు. నిన్న సాయంత్రం సగంలో వదిలేసిన జిగ్సా పజిల్‌లో ఇప్పుడు రేవూ, పడవలూ, కాస్త ఆకాశం కూడా పూర్తయి ఉన్నాయి.

జీవితమంతా కత్తెర పట్టిన దర్జీ ఆయన. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చెయ్యి అలవాటు చేసుకోమని డాక్టరు అనగానే అటక మీది పజిల్ పెట్టె దింపించాడు. ఆ ఇంట్లో పజిల్ తండ్రి దగ్గర పిల్లలు నేర్చుకునేది. ఆయన తన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు, కొడుక్కి తను నేర్పాడు, మనవరాలికి ఇద్దరూ కలిసి నేర్పారు. నియమం ఒక్కటే. ఒకరు ముక్క పెడుతుంటే పక్కవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి. నోటితో ఎంత ఏడిపించినా ఫరవాలేదు.

"బాగానే సాగింది కదా నాన్నా. చెయ్యి దారిలో పడుతోంది," అన్నాడు కొడుకు, డ్యూటీకి బూట్లు వేసుకుంటూ. అతను బస్సు డ్రైవరు.

తాతయ్య కప్పు పక్కన పెట్టి, ఎడమ బొటనవేలితో బొమ్మంతా తడిమాడు.

"ఇది నేను చేసింది కాదు."

"మరి దెయ్యాలొచ్చి చేశాయా?"

"నేను పెట్టిన ముక్క కాస్త లేచి ఉంటుంది. గట్టిగా నొక్కే బలం ఈ చేతికి లేదు. ఇవేమో ఇస్త్రీ చేసినట్టున్నాయి."

కొడుకు చేతిలో రెండో బూటు అలాగే ఉండిపోయింది. అందరూ పిడుగు అని పిలిచే మనవరాలు వంటింట్లోంచి తొంగి చూసింది.

"తెల్లారగట్ల హాల్లో లైటెందుకు వేస్తున్నావా అనుకున్నా. ఇదా నాన్నా సంగతి?"

"ఏం చెయ్యమంటావే? ఒక్క ముక్క కోసం సాయంత్రమంతా అవస్థ పడుతుంటే చూడలేకపోతున్నా. ఆయన ధైర్యం పోతుందని భయం."

"పోయింది నా ధైర్యం కాదురా, నీది," అన్నాడు తాతయ్య. "నా వల్ల కాదని నువ్వు తేల్చేసుకున్నావు."

కూర్చుని, నొక్కిపెట్టిన ముక్కల్ని ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టాడు. గోరు దూరక వేలు జారుతోంది. కొడుకు గబుక్కున చెయ్యి చాపాడు.

"చేతులు," అన్నాడు తాతయ్య తలెత్తకుండానే.

చాపిన చెయ్యి వెనక్కి వెళ్ళింది.

"చిన్నప్పుడు ముక్క కుదరక బల్ల కింద దూరి ఏడ్చేవాడివి. ఒక్కటైనా పెట్టిచ్చానా?"

"లేదు."

"సాయం చెయ్యమని నా చేతులు ఎంత లాగేవో నాకు తెలుసు. అయినా నీ వల్ల అవుతుందని నమ్మి కూర్చున్నా. ఇప్పుడు నీ వంతు."

కొడుకు ఒక కాలికే బూటుతో వచ్చి ఎదురుగా కూర్చుని చేతులు కట్టుకున్నాడు. పిడుగు అతని పక్కనే చేరింది. తాతయ్య తీసిన ముక్క వేళ్ళలోంచి జారి కింద పడింది. ఎవరూ కదల్లేదు. ఆయన మెల్లగా వంగి తీశాడు. తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పాడు. చివరికి పడవ తెరచాప దగ్గర అది కుదిరింది, ఒక మూల కాస్త లేచి.

తండ్రి మీద జాలి పడుతున్నాననుకున్నాడు ఇన్నాళ్ళూ. నిజానికి తన భయాన్నే దాచుకున్నాడు. అది తెలిసేసరికి కొడుకు చెంపలు తడిసిపోయాయి.

"నాన్నా, కళ్ళు తుడుచుకోవచ్చు. దానికి నియమం లేదు," అంది పిడుగు మెల్లగా.

"ఉండవే," అన్నాడు అతను, చేతులు విప్పకుండానే. "తాతయ్య ఇంకో ముక్క తీశాడు."